మూల మీద ముద్ర

గురువారం నా షాపుకి సెలవు. అంటే చుట్టాలందరికీ నేను దొరికే రోజు. పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఖాళీయేనా? చిన్న పనుంది. మరకల పని."

డ్రై క్లీనింగ్ షాపు పెట్టుకున్నాను కాబట్టి మా బంధువర్గంలో ఎవరి మీద ఏది ఒలికినా అది నా పనే. కోటు మీద సిరా, కర్టెన్ మీద టీ, సోఫా మీద పిల్లల ప్రతాపం, అన్నీ నా నెత్తికే చుట్టుకుంటాయి. ఏం మరకో ముందు చెప్పమన్నాను, దానికి తగ్గ సీసా పట్టుకెళ్ళాలి కదా. "వచ్చాక చూద్దువుగాని" అని ఫోన్ పెట్టేశాడు. సంగతేమిటో చెప్పకుండా పిలిచేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అయినా వెళ్ళాను. పిన్ని పెట్టే టీ అంటే నాకు ప్రాణం.

వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద మూడు ప్లాస్టిక్ బేసిన్లు, వాటిల్లో గోరువెచ్చటి నీళ్ళు, తువ్వాళ్ళు, బ్లాటింగ్ కాగితాలు, సన్నటి పట్టకారు, కత్తెర. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని బాబాయి పెద్ద డాక్టరులా నిలబడి ఉన్నాడు. పక్క కుర్చీలో ఒక పాత సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. దాని నిండా తెల్ల కవర్లు.

ఆ కవర్ల కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. బాబాయి ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివే ఉద్యోగం చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. మీటర్లు కాకుండా ఆయనకు తెలిసిన లోకం స్టాంపులే. కొత్త స్టాంపు ఏది వచ్చినా ఒకటి కొని తెల్ల కవరు మీద అంటిస్తాడు. అంటించడం కూడా ఎలా పడితే అలా కాదు, స్కేలు పెట్టి, పై అంచు నుంచి ఇంత, పక్క అంచు నుంచి ఇంత అని కొలిచి. తర్వాత ఆ కవరు మీద తన పేరూ తన చిరునామా తనే రాసుకుని, లోపల వంగకుండా ఒక అట్టముక్క పెట్టి, వీధి చివరి పోస్టు డబ్బాలో వేసి వస్తాడు. ఒకటి రెండు రోజుల్లో పోస్టుమాన్ దాన్ని తెచ్చి ఆయన చేతికే ఇస్తాడు. ఆయన ఎవరో రాసినట్టు సంబరంగా అందుకుని, లోపలి అట్ట తీసేసి సూట్‌కేసులో దాచుకుంటాడు. ఎందుకీ తిప్పలు అని అడిగితే, "ప్రయాణం చెయ్యని స్టాంపు స్టాంపేమిటే, ఒట్టి రంగుకాగితం" అంటాడు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. ఆవిడ పోస్టాఫీసులోనే పనిచేసి బాబాయి కంటే ముందే రిటైరైంది. కౌంటరులో కాదు, వెనక గదిలో. డబ్బాల్లోంచి గోనెసంచుల్లో వచ్చిన ఉత్తరాల మీద, స్టాంపులు మళ్ళీ వాడకుండా, ఊరూ తేదీ ఉండే గుండ్రటి నల్ల ముద్ర కొట్టడం ఆవిడ పని. ఆ బల్ల దగ్గర ఇంకొందరుండేవాళ్ళు. ఎవరి ముందు ఏ ఉత్తరం పడితే అది, టప్‌టప్‌మని కొట్టుకుంటూ పోవడమే.

"ఏం మరకలు బాబాయ్?" అన్నాను, చేతిసంచీ దించుతూ.

"ఆదివారం మా స్టాంపుల క్లబ్బు ప్రదర్శన. ఈసారి నాకూ ఒక బోర్డు ఇచ్చారు!" అన్నాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆ బోర్డు కోసం ఎన్నేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా చూశాడో నాకు తెలుసు. "కవర్లు నానబెట్టి స్టాంపులు ఊడదియ్యాలి. వరసగా, నీటుగా అంటించాలి. అది నేను చూసుకుంటా. నీ పనల్లా ఇదిగో, ఇది."

ఒక కవరు నా ముందు పెట్టాడు. స్టాంపు మీద ఒక పడవ బొమ్మ. ముద్ర దాదాపు మొత్తం పక్కనున్న తెల్లకాగితం మీదే పడింది. స్టాంపుకి కింద ఎడమ మూల మాత్రం దాని అంచు గోటిముక్కంత తగిలింది.

"నా అదృష్టం చూశావా? క్లబ్బులో అందరి స్టాంపుల మీదా ముద్ర మొహం మీదే పడుతుంది. నావాటికి ఎప్పుడూ మూలనే! అందరూ కుళ్ళి చస్తారు. ఈ మధ్య వేసినవి మాత్రం చెడ్డాయి, వాటిని పక్కన పెట్టేశాను. ఆ మూలనున్న కాస్త నల్లమరక కూడా నువ్వు పోగొట్టేస్తే ఇక నాకు తిరుగుండదు. పోతుందా మరక?"

సరిగ్గా అప్పుడే పిన్ని టీ కప్పులతో వచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టి, "ముద్ర తుడిచెయ్యడం నేరం. తెలుసా మీకు?" అంది.

"స్టాంపు మళ్ళీ వాడితే కదే నేరం? నేను వాడను. మరక పోతే చాలు."

పిన్ని గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచి గిన్నె తోముతున్న చప్పుడు వినిపించింది. పిన్ని కోపంలో ఉంటే కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. టీ కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"ఏమైంది పిన్నీ?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఆ గిన్నె ఏం పాపం చేసింది?"

గిన్నె పక్కన పెట్టి చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మరకట. విన్నావుగా? మరక! ఆ అదృష్టం, అదృష్టం అని ఊరంతా చెప్పుకుంటాడే, ఆ అదృష్టం ఎవరనుకున్నావ్? నేను."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది.

పెళ్ళైన కొత్తలో బాబాయికి వచ్చిన ఒక కవరు మీద పిట్టబొమ్మ స్టాంపు ఉందట. ముద్ర తిన్నగా దాని మొహం మీద పడింది. "పిట్టకి కళ్ళు పోయాయి" అని ఆ రోజు ఆయన అన్నం కూడా సరిగా తినలేదట. ఆ ముద్ర కొట్టింది పిన్నే. చూసుకోకుండా, అన్నిటితోపాటు టప్‌మని కొట్టేసింది. ఆ విషయం ఆయనకి చెప్పలేక, మర్నాటి నుంచి గుట్టలో ఆయన రాత కోసం వెతకడం మొదలుపెట్టింది. మీటరు అంకెలు రాసి రాసి ఆయన చిరునామాలో ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెడతాడు కాబట్టి పట్టుకోవడం కష్టం కాదట. ఆ కవరు పక్కన పెట్టుకుని, చివర్లో, ముద్రని ప్యాడ్ మీద తేలిగ్గా అద్ది, మణికట్టు ఒకలా తిప్పి కొట్టేదట. ఊరూ తేదీ మొత్తం కాగితం మీద. స్టాంపు మీద మూలన గోరంత.

"అలా కొట్టకూడదు తెలుసా? ఆ స్టాంపు ఎవడైనా ఊడదీసి మళ్ళీ వాడుకోవచ్చుగా. మా పైఆఫీసరు పట్టుకుని మెమో ఇచ్చాడు. చెయ్యి జారిందండీ అన్నాను. తర్వాత మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ జారిందన్నాను."

"మరి నువ్వు సెలవు పెట్టిన రోజు?"

"నేను సెలవు పెడితే ఆ రోజు ఆయన కవరు వెయ్యకుండా చూసేదాన్ని. వానొచ్చేలా ఉందనో, జిగురు సరిగా ఆరలేదనో. ఆయన్ని ఆపడం ఎంతసేపు?"

నేను నోరు వెళ్ళబెట్టాను. ఇంత కాపురంలో ఇంత రహస్యమా! నాకైతే నోట్లో నువ్వుగింజ నానదు. "ఆయనకెందుకు చెప్పలేదు?"

"మొదట్లో భయం. సొంతమనిషి ఉత్తరాలు ఏరుకుని కొడుతోందని బయటికొస్తే ఉద్యోగానికే ఎసరు. ఒకసారి ఆయనే అడిగాడు, నావి నీ చేతికి వస్తాయా అని. వేల ఉత్తరాలు, ఎవరు చూస్తారండీ అన్నాను. తర్వాత..." పిన్ని ఆగింది. "తర్వాత ఆయనే కనిపెడతాడనుకున్నాను. రోజూ ముందేసుకుని చూస్తాడు కదా. ఎప్పటికైనా స్టాంపు మీద నుంచి చూపు కాస్త పక్కకి జరగదా అని."

"ఇప్పుడే వెళ్ళి చెప్తానుండు."

పిన్ని నా చెయ్యి పట్టుకుంది. మామూలుగా కాదు, ముద్ర కొట్టిన చెయ్యి అది. "నోరెత్తావంటే ఊరుకోను. నువ్వు చెప్తే ఆయన 'అయ్యో' అంటాడు. నాకు అయ్యో వద్దు. ఆయన కళ్ళతో ఆయన చూడాలి."

"చూడకుండానే నానబెట్టేస్తే?"

"స్టాంపు మీద మిగిలేది ఆ గోరంత నలుపు. దాన్ని నీ చేత కడిగిస్తాడు. నేను చేసిందంతా కవరు మీదుంది. అది చెత్తబుట్టలోకి పోతుంది. ఇక ఆయన చూద్దామన్నా ఏం ఉండదు." అలా చెప్పి పిన్ని మళ్ళీ గిన్నె అందుకుంది. ఆవిడ గొంతులో కోపం తగ్గి ఇంకేదో మొదలవడం విని, నేను అక్కడ నిలబడలేకపోయాను.

నోరెత్తకూడదు. సరే. కానీ నోరెత్తకుండా ఒక మనిషిని ఆపడం నా జన్మలో చెయ్యని పని.

హాల్లోకి వచ్చి ముందు నీళ్ళలో వేలు పెట్టాను. "బాబాయ్, ఇవి ఉప్పునీళ్ళలా ఉన్నాయి. స్టాంపులు పాడవుతాయి."

"పంపు నీళ్ళేనే. నిన్న ఒకటి నానబెట్టి చూశాను."

"ఇవాళ గాలిలో తేమ ఎక్కువ. మా షాపులో చొక్కాలే ఆరడం లేదు."

"ఫ్యాను పెడతా."

"అసలు కవర్లతోనే ఉంచేస్తే ఏం?"

బాబాయి కత్తెర దించి నన్ను జాలిగా చూశాడు. "మా క్లబ్బులో దాని మీదే రెండు పార్టీలు. నానబెట్టేవాళ్ళు, నానబెట్టనివాళ్ళు. ఒకరి టీ ఒకరు తాగరు. బోర్డులు ఇచ్చేది భూతద్దం మాష్టారు. ఆయన నానబెట్టే పార్టీకి పెద్ద. కవర్లు పెడతానంటే నా బోర్డు పీకి ఇంకొకడికి ఇస్తాడు."

ఇక చేసేది లేక అసలు విషయానికి వీలైనంత దగ్గరగా వెళ్ళాను. "ముద్రలు చూడు బాబాయ్. ఎంత అందంగా పడ్డాయో."

"ముద్రలదేముంది, మిషన్‌లా కొట్టుకుంటూ పోతారు. మీ పిన్నే చెప్పింది. ఎవరూ చూడరట."

అలా అంటూనే అడుగునున్న కట్ట విప్పాడు. అన్నిటికంటే పాతవి, పెళ్ళైన కొత్తల్లోవి. కవరు మూల కత్తిరించి, స్టాంపు పైకి ఉండేలా నీళ్ళ మీద వదిలాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. కాసేపటికి జిగురు వదిలి స్టాంపులు ఒక్కొక్కటే కాగితం మీద నుంచి జారి విడిగా తేలాయి. బాబాయి వాటిని పట్టకారుతో తీసి బ్లాటింగ్ కాగితం మీద పరుస్తూ పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు. వెనక మిగిలిన కాగితం ముక్కల మీద, ఒక చోట కొరికేసినట్టు, ఒక్కో గుండ్రటి ముద్ర. వాటిని గుప్పిటతో తీసి, పిండి, చెత్తబుట్టలో వేశాడు. పిన్ని గుమ్మం దాకా వచ్చి అది చూసి వెనక్కి వెళ్ళిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బేసిను ఎత్తి ఆయన నెత్తినే గుమ్మరిద్దామన్నంత కోపం వచ్చింది.

రెండో కట్ట మొదలుపెట్టబోతుండగా కాలింగ్‌బెల్ మోగింది. భూతద్దం మాష్టారు. ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పేవాడు. ఇప్పుడు మెడలో తాడుకి భూతద్దం వేలాడేసుకుని, ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ చెత్తబుట్టలోని కవర్లు చూసే మనిషి. పని ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని వచ్చాడట. చంకలో తన కవర్ల కట్ట కూడా ఉంది. ఆయనా బాబాయి చేసినట్టే చేస్తాడు. అవే తెల్ల కవర్లు, అదే పోస్టు డబ్బా, అదే పోస్టాఫీసు.

"ఒక్కొక్కటీ కత్తిరిస్తూ కూచుంటే ఆదివారం వచ్చేస్తుందయ్యా," అన్నాడు మాష్టారు. "దొంతరగా పేర్చి, పది పది ఒకేసారి కొయ్యి. నీ స్టాంపులన్నీ ఒకే చోట అంటిస్తావుగా, ఒకే కోతలో తెగిపోతాయి." నేను ఆయన వైపు చూసిన చూపుకి మామూలు మనిషైతే మాడిపోయేవాడు. ఆయన భూతద్దం తుడుచుకుంటున్నాడు.

బాబాయికి ఆ సలహా నచ్చింది. మిగిలిన కవర్లన్నీ సూట్‌కేసులోంచి తీసి, బల్ల మీద తట్టి తట్టి అంచులు సమం చేశాడు. స్టాంపులన్నీ ఒక చోటే ఉన్నాయో లేదో చూడటానికి, నోట్లు లెక్కపెట్టే మనిషిలా బొటనవేలితో ఆ మూల పట్టుకుని గబగబా వదిలాడు.

కవర్లు బరబరా పరిగెత్తాయి. స్టాంపులు మారాయి. పడవ, పువ్వు, వంతెన, గుర్రం, ఎవరెవరివో మొహాలు, రంగులన్నీ కలిసిపోయి ఏదీ నిలవలేదు. ముద్ర మాత్రం కదల్లేదు. అన్ని కవర్ల మీదా ఒకే చోట, ఒకే వాలులో, అతికించినట్టు నిలబడిపోయింది.

బాబాయి చెయ్యి ఆగింది. మళ్ళీ అంచులు సమం చేసుకుని మళ్ళీ వదిలాడు. ఈసారి నెమ్మదిగా. నాకు నోరెత్తకుండా ఉండటానికి నాలుక కరుచుకోవలసి వచ్చింది, నిజంగానే.

"మాష్టారూ, మీవి ఒకసారి ఇవ్వండి."

మాష్టారి కట్ట కూడా అలాగే వదిలి చూశాడు. ముద్ర ఒకదానిలో పైన, ఒకదానిలో కింద, ఒకదానిలో తలకిందులు, ఒకదానిలో సగమే. కప్పలా గెంతింది.

"నా దరిద్రం అది. నీ అదృష్టం నాకెక్కడిది?" అన్నాడు మాష్టారు.

"అదృష్టం కాదు." బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. "నేను మీటర్లు చూసి చూసి రిటైరైనవాణ్ణి మాష్టారూ. అంకె నెలనెలా మారాలి. ఎక్కువో తక్కువో, మారాలి. మారకుండా ఒకే చోట నిలబడిందంటే వెనక ఎవరిదో చెయ్యి ఉన్నట్టే. ఇది ఎవరో చూసి కొట్టారు. ఒకసారి కాదు, ప్రతిసారీ."

మాష్టారు భూతద్దం పెట్టి చూశాడు. "వేల ఉత్తరాల్లో నీది చూసి కొట్టే అవసరం ఎవడికుందయ్యా?" అన్నాడు.

బాబాయి వంటింటి వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఆయన దొంతర మూడోసారి వదిలాడు, ఇంకా నెమ్మదిగా, ఒక్కొక్క కవరూ చూస్తూ. మధ్యలో ఏదో నల్లగా మెరిసి మాయమైంది. వేలు పెట్టి వెనక్కి వెతికి ఆ కవరు బయటికి లాగాడు. గులాబీ బొమ్మ స్టాంపు. గులాబీ ఏదో ముద్ర ఏదో తెలియనంత గట్టిగా, నడినెత్తిన కొట్టిన ముద్ర. కాగితం వెనక్కి కూడా దిగింది దాని గుర్తు.

దొంతర ఒక చేత్తో, ఆ కవరు ఇంకో చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. నేనూ మాష్టారూ సిగ్గు లేకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"ఏమోయ్," అన్నాడు. "ఇవన్నీ నువ్వేనా?"

పిన్ని దొంతర వైపు చూసింది. ఆయన వైపు చూసింది. "చూశారా?"

"చూశాను."

"ఎవరైనా చెప్పారా?" అంటూ పిన్ని కళ్ళు నా మీదకి తిరిగాయి. నేను రెండు చేతులూ ఎత్తేశాను.

"ఎవరూ చెప్పలేదు. కదలడం లేదు. ఎన్నిసార్లు వదిలినా ముద్ర కదలడం లేదు." అంత పెద్ద విషయం తెలిశాక ఎవరైనా ఏం మాట్లాడతారు? బాబాయి తనకు తెలిసిన దారిలోకే వెళ్ళాడు పాపం. గులాబీ కవరు చూపించి, "మరి ఈ రోజు నువ్వు సెలవా?" అన్నాడు.

"కాదండీ. డ్యూటీలోనే ఉన్నాను."

"అయితే ఇది వేరేవాళ్ళు కొట్టారా?"

"నేనే కొట్టాను."

"చెయ్యి జారిందా?"

"జారలేదు. చూసే కొట్టాను." పిన్ని కొంగు సర్దుకుంది. "ఆ రోజు మీ అక్కయ్యవాళ్ళు వచ్చారు. నేను డ్యూటీకి బయల్దేరుతున్నాను. వాళ్ళందరి ముందూ మీరన్నారు, 'ముద్రలు గుద్దడానికి నువ్వే వెళ్ళాలా ఏంటి, చెయ్యి ఉన్నవాళ్ళెవరైనా గుద్దుతారు' అని. అందరూ నవ్వారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద మీ కవరు ఉంది."

"నేనా? అలా అన్నానా?"

"మీరే."

"నాకు గుర్తే లేదే."

"మీకెందుకుంటుంది? పడింది నాకు."

మాష్టారు మెల్లగా భూతద్దాన్ని జేబులో దాచుకున్నాడు, అదేదో నేరం చేసినట్టు. బాబాయి ఆ కవరు వెనక్కి తిప్పి, కాగితంలోకి దిగిన గుండ్రటి గుర్తుని వేలితో నిమిరాడు.

"ఎవరైనా గుద్దుతారు," అని తనలో తను అనుకున్నాడు. "తప్పు మాట అన్నానోయ్. చాలా తప్పు మాట."

పిన్ని కళ్ళు నిండాయి. అంతలో బాబాయికి ఇంకేదో తట్టింది. దొంతర పిన్ని చేతుల్లో పెట్టేసి హాల్లోకి పరిగెత్తాడు. నేను వెళ్ళేసరికి నేల మీద కూచుని చెత్తబుట్ట బోర్లించుకుని ఉన్నాడు. పిండి పారేసిన ముక్కల్ని ఒక్కొక్కటే విప్పుతున్నాడు. విప్పుతుంటే అవి చిరుగుతున్నాయి.

"అమ్మాయ్, ఇవి బాగవుతాయా? నీకు తెలుసు కదా. ఏదో సీసా ఉంటుంది కదా."

మరకలు పోగొట్టడానికి నా దగ్గర అన్ని సీసాలూ ఉన్నాయి. పోయినవి తెప్పించే సీసా మాత్రం లేదు. చేతనైనంత చేశాను. తువ్వాలు మీద పరిచి, అద్ది, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె తేలిగ్గా ఆనించాను. రెండు మూడు నిలబడ్డాయి. మిగిలినవి గుజ్జు.

"వదిలేయండి," అంది పిన్ని వెనక నుంచి. "అవి కొత్తలో కొట్టినవి. అప్పటికి నా చెయ్యి ఇంకా కుదరలేదు."

అది అబద్ధం. ఆ కాగితాలు నీళ్ళలో తేలుతున్నప్పుడు నేను చూశాను, ఒక్కటి కూడా వంకర లేదు. ఆయన మీద జాలిపడి ఆవిడ చెప్పిన ఆ అబద్ధానికి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కనపడకుండా బేసిన్లలో నీళ్ళు పారబొయ్యడానికి వెళ్ళాను.

తర్వాత రెండు రోజులూ బాబాయి మాష్టారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. కవర్లు కవర్లుగానే పెడతానన్నాడు. మాష్టారు కుదరదన్నాడు, రూలన్నాడు, నానబెట్టనివాళ్ళ ముందు తన తల కొట్టేసినట్టవుతుందన్నాడు. అయితే బోర్డే వద్దు పొమ్మన్నాడు బాబాయి. ఆ బోర్డు కోసం ఎంత ఎదురుచూశాడో మాష్టారికీ తెలుసు కాబట్టి, ఆ మాటకి మెత్తబడ్డాడు. మెత్తబడి, తలుపు పక్కన, వెలుతురు సరిగా పడని చోట ఒక బోర్డు ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. హాల్లో ఇంకా అందరూ బోర్డులు సర్దుకుంటున్నారు. కవర్లు పెద్దవి కాబట్టి బాబాయి బోర్డులో కొన్నే పట్టాయి. ఏవి పెట్టాలో పిన్నే ఏరింది. బాబాయి స్కేలుతో కొలిచి అంటించాడు, స్టాంపులు కాకుండా ముద్రలు ఒక వరసలోకి వచ్చేలా. పైన అట్టముక్క మీద ఇద్దరి పేర్లూ రాశాడు, పిన్ని పేరు ముందు. సరిగ్గా బోర్డు మధ్యలో నల్ల గులాబీ పెట్టాడు. దాన్ని పెట్టొద్దని పిన్ని ఇంటి దగ్గరే మొత్తుకుంది. ఆయన వినలేదు.

మాష్టారు అన్ని బోర్డులూ చూసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. భూతద్దం తీసి ఒక్కొక్క ముద్రా చూశాడు. చాలాసేపే చూశాడు. నానబెట్టే పార్టీ పెద్ద కాబట్టి మెచ్చుకోలేక గొంతు సవరించుకున్నాడు.

"బాగానే ఉంది కానీ, ఆ మధ్యలోది తీసెయ్యవయ్యా. బోర్డంతా పాడుచేస్తోంది."

"తియ్యను మాష్టారూ," అన్నాడు బాబాయి. "అది తీసేస్తే మిగిలినవన్నీ అదృష్టమే అనుకుంటారు."

పిన్ని ఆ మాట విననట్టే మొహం తిప్పుకుని, పక్క బోర్డు వైపు చూస్తూ నిలబడింది. ఆ బోర్డులో అప్పటికింకా ఎవరూ ఏమీ అంటించలేదు.